తిరగేసిన కుప్ప

కల్లంలో అందరూ గోనెపట్టా మీద కూర్చుంటారు. పున్నమ్మ మాత్రం నాలుగు మడతలు పెట్టిన బొంత మీద, అదీ ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. ఎందుకట్టా అని అడిగితే "వయసు" అంటుంది. యాభై రెండేళ్ళకే అంత వయసేమొచ్చిందని మళ్ళీ ఎవరూ అడగరు, ఎందుకంటే మిరపకాయల కుప్ప ముందు ఆమె చేతులు చూస్తే ఆ మాట నోట రాదు. ఎడమచెయ్యి కాయల్ని ముందుకు దొర్లిస్తుంటే కుడిచెయ్యి తాలుకాయని పట్టి వెనక్కి విసురుతుంది. తాలంటే రంగు పోయి తెల్లబడ్డదీ, మచ్చపడ్డదీ. బస్తాలో ఒక్కటుంటే చాలు, నందిగామ కోల్డ్ స్టోరేజీ దగ్గర కొనేవాడు చెయ్యి పెట్టి సరిగ్గా దాన్నే పైకి తీస్తాడు. అలాంటి చెయ్యి దేవుడు కొనేవాళ్ళకే ఇచ్చాడు.

పున్నమ్మ ముఠాకి ఒక పద్ధతుంది. కుప్ప మొత్తం ఏరడం అయ్యాక లేచిపోకూడదు. పారతో కిందామీదా తిరగేసి, మళ్ళీ మొదటినుంచీ ఏరాలి. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు గొణుగుతారు.

"ఒకసారి ఏరాం గదక్కా, మళ్ళీ ఏంది?"

"అడుగునున్నది పైకొస్తేనే గదే కనపడేది. కూర్చో."

రెండోసారి నాలుగైనా దొరక్కుండా పోయిన రోజు పున్నమ్మ ఎరగదు.

ఆ గురువారం మధ్యాహ్నం అందరూ క్యారేజీలు పట్టుకుని వేపచెట్టు కిందికి చేరారు. రోజారమణి కదల్లేదు. ముప్పై ఆరేళ్ళ మనిషి, పున్నమ్మ ఇంటి పక్కిల్లే. నాలుగు రోజులుగా క్యారేజీ అసలు తేవడమే లేదని పున్నమ్మ గమనిస్తూనే ఉంది.

"ఏందే, అన్నం మీద అలిగావా?"

"ఉపవాసం అక్కా. ఇరవై ఒక్క రోజులు. పొద్దు కుంకేదాకా మంచినీళ్ళే." రోజారమణి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకూ నీలాగే పడుతోంది. దొడ్డికి పోతే నెత్తురు. క్రిస్మస్ ముందునుంచీ. మొలలేమో అనుకున్నా. ఇప్పుడు పోయొచ్చినా ఇంకా పోవాలనే ఉంటోంది."

పున్నమ్మ చెయ్యి కాయల మీద ఆగిపోయింది. ఇవే మాటలు, ఇదే వరసలో, మూడేళ్ళ కిందట తనూ ఒక డాక్టరు ముందు చెప్పింది.

"ఎవరికన్నా చూపించావా?"

"నువ్వు డాక్టర్ల వల్ల లేచావా ఏంది? చర్చిలో నువ్వు చెప్పిన సాక్ష్యం ఫోన్లో ఎన్నిసార్లు విన్నానో. చెవిటికల్లులో మా అమ్మకీ పంపా. కన్నీళ్ళతో అడిగావు, ఆయన ముట్టాడు, లేచావు. అందులో ఎక్కడన్నా ఆసుపత్రుందా?"

లేదు. పోయిన జులైలో, కృతజ్ఞత కూడికలో పున్నమ్మ మైకు పట్టుకుని చెప్పిన ఆ నాలుగు నిమిషాల్లో ఆసుపత్రి లేదు. విజయవాడలో ఉంచి ఇరవై ఎనిమిది రోజులు పెట్టిన రేడియేషన్ కరెంటు లేదు, ఐదు గంటల ఆపరేషన్ లేదు, నెలల తరబడి ఎక్కించిన కీమో లేదు. చీరకుచ్చిళ్ళ పక్కన, పొట్టకి ఎడమవైపు అతుక్కుని ఉన్న మలం సంచి అసలే లేదు. మోసం చెయ్యాలని కాదు. నూటయాభై మంది ముందు, అందులో సగం మగాళ్ళు, "నా కింది దారి మూసేసి పొట్టమీద దారి పెట్టారు" అని ఏ ఆడది మైకులో చెప్తుంది? సిగ్గేసింది. అక్కడ 'ప్రభువు ముట్టాడు' అని ఒక మాట వేసి దాటేసింది. అది అబద్ధమని ఆమె అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోదు. కానీ మంచికాయ పైన పరిచి బస్తా కుట్టేసినట్టు అయిందని ఇప్పుడే తెలిసింది.

ఆ రోజు ఆమె ఇంకో పని కూడా చేసింది. సాక్ష్యం అయ్యాక ఆసుపత్రి ఫైలు తీసుకెళ్ళి, గుళ్ళో ప్రసంగ బల్ల మీద పెట్టి, "ఇక దీనితో నాకు పనిలేదు ప్రభువా" అంది. హాలంతా చప్పట్లు. ఇచ్చిన ఫైలు మళ్ళీ అడగడమంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడమే కదా. అందుకే మూడు నెలలకోసారి రమ్మన్న పరీక్షలకి అప్పటినుంచీ వెళ్ళలేదు. నర్సు జాయిస్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మొగుడు జ్ఞానయ్య ఒకసారి "పోదామా" అంటే, "నీకు విశ్వాసం లేదు" అని నోరు మూయించింది.

"నేను పరీక్షకి పోతే నువ్వొస్తావా?" అంది పున్నమ్మ.

"బాగైనదానివి, నీకెందుకక్కా?"

"బాగైందో లేదో చూసుకోవాలి గదా."

రోజారమణి చేతిలో కాయ కింద పెట్టింది. "సరే, పోయిరా. నీకేమీ లేదన్నారనుకో, అప్పుడు నేనూ వస్తా."

ఆ సాయంత్రం పున్నమ్మ ఇంటికొచ్చి, రోజూలాగే చేతులు మజ్జిగలో నానబెట్టి, కొబ్బరినూనె రుద్ది, సబ్బుతో రెండుసార్లు కడిగింది. మిరపకాయ చెయ్యితో సంచి మారిస్తే ఆ చుట్టూ చర్మం మంటెత్తిపోతుంది. మొదటి నెలలో ఒకసారి మర్చిపోయి, రాత్రంతా తడిగుడ్డతో గడిపింది. ఈ నూనె, మజ్జిగ సంగతి ఏ నర్సూ చెప్పలేదు. సొంతంగా కనిపెట్టింది. ఇంట్లో ఈ రహస్యం తెలిసినవాడు జ్ఞానయ్య ఒక్కడే.

శుక్రవారం పొద్దున్నే గుడికెళ్ళి ఫైలడిగింది. పాస్టరు ప్రేమానందం అయ్యగారు బీరువా తెరిచారు. పాటల పుస్తకాల వెనక, మడిచిపెట్టిన క్రిస్మస్ నక్షత్రం కింద ఉందది. ఆయన తువ్వాలుతో దుమ్ము దులిపారు గాని వెంటనే చేతికివ్వలేదు.

"ఏమన్నా అనుమానంగా ఉందా పున్నమ్మా?"

"నాకు కాదయ్యగారూ. నన్ను చూసి ఇంకోళ్ళు ఆగిపోతున్నారు."

ఆయనకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం వాడిపోయింది. "నేనీ ఫైలు విప్పి కూడా చూళ్ళేదమ్మా," అన్నారు. "లోపల ఏముందో అడగాల్సింది నేను. తీసుకెళ్ళు."

సోమవారం జగ్గయ్యపేట బస్టాండులో పున్నమ్మ, జ్ఞానయ్య విజయవాడ బస్సెక్కారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే పున్నమ్మ తిండి తగ్గించింది, బస్సులో సంచి నిండకుండా. నందిగామ దాటింది, కంచికచర్ల దాటింది. పరిటాల దగ్గర హైవే పక్కన ఆంజనేయుడి విగ్రహం కనపడగానే జ్ఞానయ్య ఎప్పటిలాగే మెడ వంచి కిటికీలోంచి పైకి చూశాడు. తాపీమేస్త్రి. దేవుడెవరైనా ఆయన చూసేది పనితనమే.

"అంతెత్తున పరంజా ఎట్టా కట్టారో," అన్నాడు.

పున్నమ్మ ఒళ్ళో ఫైలుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. రోజారమణి మాట చెవిలో తిరుగుతోంది. ఏమీ లేదంటే వస్తా. ఆ ఒక్క 'లేదు' తనకోసం కూడా కావాలి, ఆ పిల్లకోసం కూడా కావాలి.

ఆసుపత్రిలో జాయిస్ ఆమెను చూడగానే లేచొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "ఫోనెత్తరేంటండీ? నేనేం అన్నానని?" అంది గాని ఇంకేమీ అనలేదు. రక్తం తీశారు. స్కానింగ్ గదిలో చలి. బల్ల మీద పడుకోబెట్టి మందు ఎక్కిస్తే గొంతులోంచి కాళ్ళదాకా వేడి పాకింది. పెద్ద చక్రం లాంటి యంత్రంలోకి బల్ల జరిగింది. "ఊపిరి బిగబట్టండి" అంది ఒక గొంతు ఎక్కడినుంచో. పున్నమ్మ బిగబట్టింది. ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా, గుడ్డ తియ్యకుండా, కత్తి పెట్టకుండా తనని ఎవరో నిలువునా చదువుతున్నారనిపించింది. ప్రార్థన చేద్దామనుకుంది. మాటలు రాలేదు. చూస్తున్నావు గదా అని మాత్రం అనుకుంది.

మంగళవారం పదిగంటలకి డాక్టర్ సింధూర గదిలోకి పిలిచారు. మూడేళ్ళ కిందట ఆపరేషన్ చేసింది ఈవిడే. అప్పట్లో చదువుకునే పిల్లేమో అనుకుని, పెద్ద డాక్టరు ఎప్పుడొస్తాడని జ్ఞానయ్య ఆమెనే అడిగాడు. ఆమె ఇప్పటికీ ఆ సంగతి గుర్తుచేసి నవ్వుతుంది. ఇవాళ నవ్వలేదు.

"రక్తంలో మేం చూసే నంబర్ ఒకటుంటుందమ్మా. పోయినేడు రెండున్నర. ఇప్పుడు పద్దెనిమిది. ఒక్క నంబర్ చూసి భయపడం. కానీ ఇది పెరిగితే వెతకాలి. అందుకే స్కాన్ కూడా చేశాం. చూస్తారా?"

తెరని వాళ్ళవైపు తిప్పింది. నల్లగా, తెల్లగా, బూడిదరంగుగా ఒక గుండ్రటి బొమ్మ. డాక్టరమ్మ వేలితో మౌసు మీది చక్రం తిప్పుతుంటే బొమ్మ మారుతోంది. పున్నమ్మని అడ్డంగా పొరలు పొరలుగా కోసి, ఒక్కొక్క పొరా చూపిస్తున్నట్టుంది. ఇది వెన్నెముక. ఇవి రెండు మూత్రపిండాలు, చిక్కుడుగింజల్లాగే ఉన్నాయి. ఇది గుండెనుంచి వచ్చే పెద్ద నాళం. మిరపచేలల్లో వంగిన నడుమిది, ముగ్గురు పిల్లల్ని మోసిన పొట్ట ఇది. ఇంత పనితనం లోపల పెట్టుకుని ఇన్నాళ్ళూ తనకి తెలియకుండానే తిరిగింది. జ్ఞానయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పున్నమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయం వల్ల కాదు, అది ఇంకా మొదలు కాలేదు.

"కింద ఆపరేషన్ చేసిన చోట శుభ్రంగా ఉంది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు కాలేయం చూద్దాం."

పెద్ద బూడిదరంగు ముద్ద తెరంతా పరుచుకుంది. పొరలు దొర్లుతున్నాయి. డాక్టరమ్మ ఇంకా ఏమీ అనలేదు.

"ఆగండమ్మా," అంది పున్నమ్మ. "ఒకటి వెనక్కి."

డాక్టరమ్మ వెనక్కి తిప్పింది. పున్నమ్మ వేలు తెర మీద ఒకచోట ఆగింది. చుట్టూ ఉన్నదానికంటే కాస్త నల్లగా, చింతగింజంత మచ్చ.

డాక్టరమ్మ తెరనీ, ఆమె వేలినీ మార్చి మార్చి చూసింది.

"ఎలా పట్టారమ్మా? మాకు నేర్చుకోడానికి ఏళ్ళు పడుతుంది."

"నాకూ ముప్పై ఏళ్ళు పట్టిందండీ," అంది పున్నమ్మ. "రంగు తేడాగా ఒక్కటుంటే కన్ను అక్కడికే పోద్ది." అప్పుడు మొదలైంది భయం. "మళ్ళీ వచ్చిందా?"

"వచ్చింది. ఆపరేషన్ రోజే ఒక కణమో రెండో రక్తంలో కలిసి అక్కడికి చేరి ఉండొచ్చు. కంటికి కనపడేంత అవడానికి ఇంతకాలం పట్టింది. మూడు నెలలకోసారి రమ్మనేది దీనికే."

"రెండోసారి ఏరటం," అంది పున్నమ్మ మెల్లగా. "మేం కుప్ప తిరగేస్తామండీ. ఏరటం సరిగా చెయ్యక కాదు. అడుగునున్నది అప్పుడు కనపడదు."

"అంతే," అంది డాక్టరమ్మ. "సరిగ్గా అంతే."

ముందే వచ్చుంటే ఇంకా చిన్నగా దొరికేదా అని జ్ఞానయ్య అడిగాడు. దొరికేదేమో అంది ఆమె దాచకుండా, అయినా ఇప్పుడు కూడా ఒక్కటే ఉంది, తియ్యగలిగే చోటే ఉంది అంది. ఇంకెక్కడా లేదని చూడటానికి సోమవారం ఇంకో పెద్ద స్కాన్. తర్వాత డాక్టర్లందరూ కూర్చుని కీమో ముందా, ఆపరేషన్ ముందా తేలుస్తారు. "పూర్తిగా పోతుందని రాసివ్వలేనమ్మా. కొందరికి మళ్ళీ వస్తుంది. మళ్ళీ రానివాళ్ళూ ఉన్నారు, నా దగ్గరే ఉన్నారు."

"కాలేయం కోసేస్తే మనిషెట్టా బతుకుద్దండీ?" అన్నాడు జ్ఞానయ్య.

"ఆ ముక్క వరకే తీస్తాం. మిగిలింది మళ్ళీ పెరుగుతుంది. కొన్ని నెలల్లో దాదాపు పాత సైజుకొచ్చేస్తుంది."

జ్ఞానయ్య నమ్మలేదు. "కొట్టేసిన గోడ దానంతటది లేచినట్టా?"

"అలాగే."

"మేస్త్రి లేకుండా?"

జవాబు చెప్పాల్సింది తను కాదన్నట్టు డాక్టరమ్మ పున్నమ్మ వైపు చూసింది. పున్నమ్మ తన కుడిపక్క డొక్క మీద చెయ్యి వేసుకుని కూర్చుంది, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. తనకి ఇది పెట్టి పంపినవాడెవడో గాని చాలా ముందుచూపున్నవాడు అనుకుంది.

తిరుగు బస్సు కంచికచర్ల దాటింది.

"రోజారమణికి ఏం చెప్తావే?" అన్నాడు జ్ఞానయ్య.

"అదే ఆలోచిస్తున్నా."

"ఏమీ లేదన్నారని చెప్పు. ఆ పిల్ల వస్తది. ముందు ఆ పిల్లకి చూపించాలి గదా. మన సంగతి తర్వాత తెలిస్తే తెలుస్తది."

మాట సబబుగానే ఉంది. ఉన్నదని చెప్తే ఆ పిల్ల ఏమంటుందో పున్నమ్మకి తెలుసు. చూసుకోబట్టే బయటపడింది, కదిలించుకోకుండా ఉంటే దానంతటదే పోయేది అంటుంది. లేదని ఒక్క మాట అంటే చాలు, రేపే బస్సెక్కుతుంది. నాలుగు రోజులు పున్నమ్మ ఆ మాటని నోట్లో పెట్టుకుని తిరిగింది. రోజారమణి రెండుసార్లు గుమ్మంలోకొచ్చి అడిగితే, "ఆదివారం చెప్తా" అంది. కానీ ఒకసారి మంచికాయ పైన పరిచింది చాలదా? దాని ఫలితం ఎదురుగా ఉపవాసాలుండి చిక్కిపోతోంది. మళ్ళీ అదే పనా?

ఆదివారం సాక్ష్యాల సమయంలో పున్నమ్మ లేచింది. ఫైలు చేతిలో ఉంది. బల్ల మీద పెట్టలేదు. సంఘం సెక్రెటరీ డేవిడ్‌రాజు అలవాటు కొద్దీ ఫోను పైకెత్తి, ఫైలు చూసి అనుమానంగా దించాడు.

"తియ్యి డేవిడ్‌రాజూ," అంది మైకులో. "పాతది ఎవరెవరికి పంపావో వాళ్ళందరికీ ఇది కూడా పంపు."

మైకు నోటి దగ్గరకి తెచ్చుకుంది. "పోయినసారి నేను సగమే చెప్పా. నాకొచ్చింది పెద్దపేగు చివర కాన్సరు. ప్రభువు నన్ను ముట్టాడు, అది నిజం. ఏ చేతుల్తో ముట్టాడో చెప్పలేదు. ఒక ఆడపిల్ల చేతులు, ఐదు గంటలు. నాకు కింది దారి లేదు. పొట్ట మీద సంచి ఉంది. ఇదిగో ఇక్కడ." చీర మీదనుంచే చెయ్యి వేసి చూపించింది. ముందు వరసలో ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "పరీక్షలకి రమ్మంటే పోకుండా ఫైలు తెచ్చి ఇక్కడ పెట్టా. విశ్వాసం అనుకున్నా. మనం కల్లంలో కుప్ప తిరగేస్తాం. ఏరినదాని మీద నమ్మకం లేక తిరగేస్తామా? మంగళవారం నాది తిరగేసి చూశారు. కాలేయంలో ఒకటి దొరికింది. దాన్ని తీయించుకునే పని మీద రేపు పోతున్నా. మీలో ఎవరికన్నా నెత్తురు పడుతుంటే, ప్రార్థన చేసుకోండి, బస్సు కూడా ఎక్కండి."

కూర్చుంది. చప్పట్లు లేవు. ప్రేమానందం అయ్యగారు బల్ల దగ్గర తలొంచుకుని నిలబడి, చాలాసేపటికి "ఆమెన్" అన్నారు. అప్పుడు పున్నమ్మ ఆడవాళ్ళ వరసల్లోకి చూసింది. రోజారమణి కూర్చున్న చోటు ఖాళీ. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు కూడా లేవు.

ఇంటికొచ్చి పున్నమ్మ అన్నం ముట్టలేదు. అబద్ధమాడినా బాగుండేదేమో అని జ్ఞానయ్య అనలేదు, అతనికి అంతమాత్రం తెలుసు. బట్టల సంచి సర్దుతూ కూర్చున్నాడు.

మూడు గంటలప్పుడు తలుపు తోసుకుని రోజారమణి వచ్చింది. ఎండలో మొహం కందిపోయింది. చేతులు మోచేతుల దాకా ఎర్రటి మిరపధూళి. ఆదివారం పూట కల్లానికి పోయొచ్చినట్టుంది.

"ఏమీ లేదంటే వస్తానన్నా," అంది కోపంగా. "ఉందన్నావు."

"ఉందే మరి."

"చాలా కోపమొచ్చింది నీమీద. పోయి మా అరెకరం కాయ కుప్ప ముందు కూర్చున్నా. శుక్రవారమే ఏరేశా దాన్ని. తిరగెయ్యలేదు, ఓపిక లేక." ఆగింది. "ఇప్పుడు తిరగేశా."

"ఎన్ని దొరికినయ్?"

"పదకొండు." రోజారమణి గోడకి చేరబడి కూలబడింది. కోపం ఎటుపోయిందో పోయింది. "అక్కా, నాకు ఆ సంచంటేనే భయం. చూపిస్తావా?"

జ్ఞానయ్య లేచి బయటికెళ్ళి తలుపు దగ్గరకి వేశాడు. మూడేళ్ళుగా పున్నమ్మ మొగుడికీ, డాక్టర్లకీ తప్ప చూపించనిది. మెల్లగా చీర సడలించి, సంచి అంచు పట్టుకుని, తడిగుడ్డతో అద్దుకుంటూ ఊడదీసింది.

రోజారమణి చూపు తిప్పుకుంటుందనుకుంది. తిప్పుకోలేదు. ముందుకు వంగింది.

పొట్ట మీద, దొండపండంత, తడిగా మెరుస్తూ, ఎర్రగా ఉందది. చూస్తుండగానే చిన్నగా ముడుచుకుని, మళ్ళీ విచ్చుకుంది.

"కదులుతోంది!"

"పేగే గదా. అదెప్పుడూ పనిలోనే ఉంటుంది. నేను నిద్రపోయినా అది పోదు."

"నొప్పి?"

"దానికి నొప్పి తెలీదు. ముట్టుకున్నా తెలీదు."

రోజారమణి ఊపిరి బిగబట్టి చూస్తోంది. లోపలెక్కడో చీకట్లో ఉండాల్సింది వెలుగులోకి వచ్చి, సిగ్గూ ఎగ్గూ లేకుండా, ఒక మనిషిని బతికిస్తూ కూర్చుంది. ఆ అమ్మాయి మొహంలో భయం చోటున ఏదో వచ్చింది. స్కాన్ తెర ముందు తన మొహం కూడా ఇట్టాగే ఉండి ఉంటుందనుకుంది పున్నమ్మ. మూడేళ్ళు దాన్ని రోజూ కడిగింది గాని, అందంగా ఉందని ఇవాళే చూసింది.

రోజారమణి చెయ్యి చాపింది.

"ఆగాగు! ఆ చేతులతోనా? చంపుతావా నన్ను?"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. రోజారమణి పెరట్లోకి పోయింది. మజ్జిగ చప్పుడు, నూనె సీసా చప్పుడు, సబ్బుతో ఒకసారి, రెండోసారి. ఎట్టా కడగాలో పున్నమ్మ లోపలినుంచే చెప్పింది. తిరిగొచ్చి అరచేతులు వెల్లకిలా చూపించి, ఒక్క వేలి కొసతో ముట్టుకుంది.

"వెచ్చగా ఉందక్కా." వేలు తియ్యలేదు. "నాకూ ఇదే పెడతారా?"

"ఏమో. నీది ఏందో వాళ్ళు చూడాలి. మొలలే అయితే నవ్వుకుంటూ తిరిగొద్దాం. కాకపోతే, ముందే పోతే ఇది లేకుండానే కానీయొచ్చట. జాయిస్ చెప్పింది. ఏదైనా పక్కన నేనుంటా, అక్కడే పడి ఉంటాగా."

కొత్త సంచి అతికించడానికి రోజారమణి సాయం పట్టింది. అంచు చుట్టూ వేలితో నొక్కింది, ముడత లేకుండా, పనిమంతురాలి చేత్తో.

"బస్సెన్నింటికి?"

"ఆరున్నరకి."

రోజారమణి తలూపింది. బయట ఇంకా పొద్దుంది, గుమ్మంలో ఎండ నిండుగా ఉంది. ఆమె వంటగది వైపు చూసింది.

"అక్కా, అన్నముందా?" అంది. "ఆకలేస్తోంది."